ఏదో ఒకటి చెప్పు

మీ ఇంట్లో ఈమధ్య పుట్టిన బిడ్డ ఏ గంటకి పుట్టాలో ఎవరు నిర్ణయించారు? తల్లి కడుపా, డాక్టరా, గోడమీది క్యాలెండరా, మీ చేతిలోని ఫోనా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు. మీకు మీరు నిజం చెప్పుకుని, ఆ తర్వాత ఇది చదవండి.

నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. అంతకంటే ముందు నేను మా నాన్న కూతుర్ని. రాజోలు చుట్టుపక్కల ఎక్కడ హేతువాదుల చర్చాసభ జరిగినా ఆయన నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. తాయెత్తు కట్టేవాళ్ళనీ జాతకం చెప్పేవాళ్ళనీ వేదిక మీదికి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ సభల్లో అడిగే ప్రశ్న ఒక్కటే: "మీకెలా తెలుసండీ?" అరుపులు లేవు, తిట్లు లేవు. అంత మర్యాదగా అడిగిన ప్రశ్నని తట్టుకోలేక చాలామంది చెప్పులు వెతుక్కునేవారు. ఆ ప్రశ్న తప్ప మా నాన్న నాకు వేరే ఆస్తి ఇవ్వలేదు.

కొన్నేళ్ళ కిందట అధ్యాపకుల శిక్షణకని చెన్నై వెళ్ళాను. అక్కడ ఒక తమిళ ఇంజనీరు తాను ప్రయోగంగా తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష చూపించాడు. యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలన్నీ తమిళంలోనే ఉన్నాయి. నాకు తమిళం రాదు. నా పక్కన కూర్చున్నావిడ తమిళం చెప్పే టీచరు, జన్మలో ప్రోగ్రాం రాసిన మనిషి కాదు. తెర మీదున్నది పైకి చదివి, వాన పడితే గొడుగు తెమ్మంటున్నాడని నాకు ఇంగ్లీషులో చెప్పి పకపకా నవ్వింది. ఎవరూ నేర్పకుండానే ఆవిడకి ప్రోగ్రాం అర్థమైపోయింది. నాకు నవ్వు రాలేదు. అసూయ కలిగింది.

ఎందుకంటే మా పిల్లలు ప్రోగ్రాం ఎలా నేర్చుకుంటారో నాకు తెలుసు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకి ఇఫ్, ఎల్స్, వైల్ అన్నవి మంత్రాలు. అర్థం తెలియదు, వరస తెలుసు. ఒక్క అక్షరం తప్పితే ఫలితం దక్కదని తెలుసు, ఎందుకు దక్కదో తెలియదు. ల్యాబ్ పరీక్ష రోజు కీబోర్డుని కళ్ళకద్దుకుని మొదలుపెట్టేవాళ్ళని చూశాను. శాస్త్రం పేరు చెప్పి ఇక్కడ జరుగుతున్నది పౌరోహిత్యమే అనుకునేదాన్ని.

తిరిగొచ్చి పని మొదలుపెట్టాను. అదేమీ అద్భుతం కాదు. తెలుగు మాటల్లో రాసినదాన్ని చదివి, ఇప్పటికే ఉన్న ఇంకో ప్రోగ్రామింగ్ భాషలోకి మార్చి నడిపించే ఏర్పాటు. మా పిల్లల దగ్గర ఉండేది ఫోనే కాబట్టి ఫోన్లో నడిచేలా చేశాను. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకున్నాను. ప్రోగ్రాం ఎప్పుడూ దాగకూడదు. తెర మీద పైన ప్రోగ్రాం, దాని కింద జవాబు. జవాబు కావలసిన మనిషి, ఆ జవాబు ఎలా వచ్చిందో చూసుకుంటూ కిందికి రావాలి. నీకెలా తెలుసని అడిగించుకోకుండా యంత్రమే ముందుగా చెప్పెయ్యాలి. భాషకి పేరు పెట్టలేదు. పేరు పెడితే మావాళ్ళు బారసాల చేస్తారని భయం.

అసలు యుద్ధం మాటల దగ్గర వచ్చింది. మా తెలుగు లెక్చరరు గారిని క్లాసుకి పిలిచి సలహా అడిగాను. ఇఫ్‌కి 'యది' అన్నారాయన. ఎల్స్‌కి 'అన్యథా' అన్నారు.

"అన్యథా ఏంటండీ బాబూ! మా ఇంట్లో ఎవరూ అనరండి" అంది చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి.

ఆలమూరు దగ్గర వరి పండించే ఇంటి పిల్ల. అప్పటిదాకా నా క్లాసులో నోరెత్తింది లేదు.

"మరి మీ ఇంట్లో ఏమంటారమ్మా?" అన్నారాయన కాస్త నొచ్చుకుని.

"అయితే అంటామండి, లేకపోతే అంటామండి. కాలవకి నీళ్ళొచ్చినట్టయితే నాట్లేస్తాం, లేకపోతే చూస్తా కూర్చుంటాం."

"షరతు నెరవేరిందని యంత్రం ఎలా చెప్పాలి? సత్యం అందామా?"

"ఆయ్!" అంది. క్లాసంతా గొల్లుమంది. 'అలాగేనండి', 'అవునండి', 'చిత్తం' అన్నీ కలిపి మా సీమలో ఒక్క 'ఆయ్' తో సరిపెడతాం. అదే పెట్టాను. ఆ రోజునుంచి నా యంత్రం ఒప్పుకుంటే ఆయ్ అంటుంది, తప్పు రాస్తే "ఇక్కడ ఏదో తేడాగా ఉందండి" అంటుంది.

ఇంకొక మాట మిగిలింది. కొన్నిసార్లు యంత్రం లెక్కా పత్రం లేకుండా చీటీ తీసినట్టు ఒకదాన్ని ఎంచాలి. ఆటలకీ, నమూనాలు తియ్యడానికీ అది కావాలి. తెలుగాయన 'యాదృచ్ఛికం' అన్నారు.

"ఏదో ఒకటి అని పెట్టండి మేడం" అంది ఆ అమ్మాయి. "కూరేం వండమంటావని మా అమ్మ అడిగితే మా నాన్న రోజూ అనే మాట అదేనండి."

ఈసారి తెలుగాయన కూడా నవ్వేరు. అదీ పెట్టాను.

స్టాఫ్ రూములో నవ్వని మనిషి ఒకాయన ఉన్నారు. ఫిజిక్స్ చెప్తారు, ఆదివారం చర్చిలో వాక్యం చదువుతారు. "మేడంగారూ, మా తాత ఇంకొకళ్ళ పొలంలో ఒంగి పనిచేసినన్నాళ్ళూ ఆయనకి తెలుగే వచ్చండి. ఆయ్ అనడం మరీ బాగా వచ్చు. మా నాన్నకి మిషను బడిలో ఇంగ్లీషొచ్చేకే మా ఇంటికి కుర్చీ వచ్చింది. ఇప్పుడు మీరొచ్చి మా పిల్లలకి మళ్ళీ ఆయ్ నేర్పుతానంటారా?"

"అర్థమయ్యే భాషలో చెప్తేనే కదండీ ఎదురు ప్రశ్న పుట్టేది."

"మనల్ని ఇన్నాళ్ళూ మోసం చేసింది అర్థంకాని భాషలోనా అండీ? శుభ్రమైన తెలుగులోనే చేసేరు" అని టీ గ్లాసు పట్టుకుని లేచిపోయారు.

ఆ రోజు ఆయన మీద గెలిచాననుకున్నాను. 

చివరి బెంచీ అమ్మాయి మాత్రం ముందు బెంచీకి వచ్చేసింది. అర్థం తెలిశాక ఆ పిల్ల చేతికి పగ్గం లేదు. నా భాషలో తప్పులు పట్టింది, కొత్త మాటలు అడిగింది, ఆరు నెలలు తిరక్కుండా ఇంగ్లీషు మాటలున్న భాషలు కూడా తనే నేర్చుకుంది. డిగ్రీ అయ్యాక ఉప్పలగుప్తం వైపు ఇచ్చారు. మావగారు రొయ్యల చెరువులు కౌలుకి చేస్తారు. భర్త కువైట్‌లో ఏసీ మెకానిక్.

పెళ్ళయిన కొంతకాలానికి కాలేజీకి వచ్చింది. నవ్వుతూ ఫోను నా చేతిలో పెట్టింది.

"కంప్యూటరు చదివేవు కదా, ఏం వచ్చు నీకు అని మావయ్యగారు ఒకటే దెప్పడమండి. అందుకని ఇది రాసేను."

మన భాషలో రాసిన ప్రోగ్రాం. తేదీ ఇస్తే ఆ రోజు మంచి గంట చెప్తుంది. వాళ్ళ వంటింటి గోడకున్న క్యాలెండరులో రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం చూసి మొత్తం ఎక్కించింది. అవన్నీ పోగా మిగిలిన గంట చెప్పమంది. ఏమీ మిగలని రోజుకి చివర ఒక వాక్యం పెట్టింది:

మంచి గంట లేకపోతే ఏదో ఒకటి చెప్పు.

"ఇదేంటమ్మా?"

"లేదని చెప్తే ఊరుకోరండి మావయ్యగారు. ఏదో ఒకటి చెప్పాలి. అందుకని చీటీ తీసి చెప్పేస్తది" అని కిలకిలా నవ్వింది.

నేను నవ్వలేదు. మా నాన్న కూతుర్ని కదా, ఆ పూట ఆ పిల్లకి పెద్ద క్లాసే తీసుకున్నాను. తీసెయ్యమన్నాను. "చెరువులో రొయ్యపిల్ల వదలడానికి చూసుకుంటున్నారండీ, దానికేం నష్టం" అంది. నష్టం లేని మూఢత్వం లేదన్నాను. తల వంచుకుని "ఆయ్" అంది. కాని తియ్యలేదు. తీసే స్వాతంత్ర్యం ఆ ఇంట్లో అప్పటికే ఆమెకి లేదు. ఆ పంటకి రొయ్య బాగా వచ్చింది. ఆ ప్రోగ్రాం వీధి దాటింది, ఊరు దాటింది. ఒక ఫోనులోంచి ఇంకో ఫోనుకి పాకింది.

మావగారు ఒకరోజు స్వీట్లు పట్టుకుని నాకు కృతజ్ఞత చెప్పడానికి కాలేజీకే వచ్చారు. తెల్ల చొక్కా, చేతులు కట్టుకుని నిలబడే మనిషి. "సిద్ధాంతిగారు సంస్కృతం కలిపి చెప్పేవారండి, సగం తెలిసేది కాదు. మీ కంప్యూటరు చక్కగా మన తెలుగులో చెప్తందండి."

"అది క్యాలెండరు చూసి మీ కోడలు ఎక్కించిందండీ. కంప్యూటరుకి ఏమీ తెలియదు."

"ఆయ్."

"ఒక్కోరోజు చీటీ తీసి చెప్తుంది. పైన రాసే ఉంది, చదవండి."

"ఆయ్, చదువుతానండి."

అన్నిటికీ ఆయ్ అన్నారు. దండం పెట్టి వెళ్ళిపోయారు. చర్చావేదిక మీద ఎదురు తిరిగినవాణ్ణి ఓడించడం మా నాన్న నాకు నేర్పారు. ఒప్పుకుంటూ కదలని మనిషితో ఏం చెయ్యాలో ఆయనకీ తెలియదు.

అమ్మాయికి నెలలు నిండాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, ఆపరేషన్ తప్పదు, ఈ వారంలో ఏ రోజైనా ఫరవాలేదు అన్నారు డాక్టరమ్మ. ఆ వారమంతా క్యాలెండరు ప్రకారం బాగాలేదట. మావగారు ఫోనులో గురువారం నొక్కారు. మధ్యాహ్నం మూడు దాటాక ఒక గంట చెప్పింది. బొట్టు పెట్టిన కాగితం మీద ఆ గంట రాసి డాక్టరమ్మకి ఇచ్చి వచ్చారు.

గురువారం పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. కాలేజీలో ఉండగా నాకు ఫోనొచ్చింది. "మేడం, రండి. మీరు చెప్తే వింటారేమో." అంతే. మిగతాది రొప్పు.

అమలాపురంలోనే ఆ నర్సింగ్ హోము. నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ వరండాలో నిలబడి మావగారితో మాట్లాడుతోంది. ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉంది, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది, ఇప్పుడే తియ్యాలి అంటోంది.

"ఆయ్. మూడింటిదాకా ఆపగలరాండి?" అన్నారాయన చాలా మర్యాదగా.

గదిలో మంచం మీద అమ్మాయి. కణతలు తడిసిపోయాయి. పక్కన అత్తగారు విభూతి పొట్లం పట్టుకుని. వీడియోలో కువైట్ నుంచి భర్త, నాన్న ఎలా చెప్తే అలా అంటున్నాడు.

"అత్తయ్యగారూ, అది నేను రాసిందేనండి. అందులో ఏమీ లేదండి. ఏదో ఒకటి చెప్పమని నేనే రాసేను."

"ఊరుకోమ్మా, నొప్పుల్లో ఏదో అంటన్నావ్. అంతా మంచే జరుగుద్ది."

రాసిన మనిషి తన నోటితో చెప్తోంది, అందులో ఏమీ లేదని. ఆ గదిలో ఆమె మాట చెల్లలేదు. ఆమె రాసింది మాత్రం చెల్లింది.

నేను వరండాలోకి వచ్చి మావగారి చేతిలో ఫోను తీసుకుని ఆ వాక్యం చూపించాను. చదవమన్నాను. చత్వారం వచ్చిన కళ్ళతో, వేలు పెట్టి, పైకి చదివారు. మంచి గంట లేకపోతే ఏదో ఒకటి చెప్పు. ఒక్కో మాటా స్పష్టమైన తెలుగు. నేను ఇన్నేళ్ళు ఎదురుచూసిన క్షణం అది. ఒక రైతు యంత్రం మనసు తన భాషలో చదివిన క్షణం.

"ఆయ్" అన్నారు. "ఏదో ఒకటి మనకండి. దానికి తెలుసు కదండీ ఏది చెప్పాలో. అసలు అమ్మాయి చేత రాయించింది ఎవరండి?"

మళ్ళీ నొక్కి చూపిస్తానన్నాను. ఒకసారి అడిగింది రెండోసారి అడక్కూడదని చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన ఆ రోజుకి ఒక్కసారే నొక్కారట. అడిగిందే అడిగితే అనుమానించినట్టట. నేను ఆ చెయ్యి తప్పించి నొక్కాను. సాయంత్రం ఆరు అంది. ఇంకోసారి నొక్కాను. ఉదయం ఏడు అంది.

"చూశారా? చీటీలు. ఉత్త చీటీలు."

"కోపం వచ్చిందండి దానికి. అందుకే తికమక చెప్తంది."

అప్పుడు లోపల్నుంచి అమ్మాయి కేక పెట్టింది. "మేడం, ఇప్పుడే అని వచ్చేదాకా నొక్కండి!"

నొక్కాను. తర్కం నేర్పిన మనిషి కూతుర్ని, వరండాలో నిలబడి, లాటరీ చీటీ గీకినట్టు వేలు పడిపోయేలా నొక్కాను. బిడ్డ బతుకుతుందంటే అబద్ధాన్నే అడ్డుపెట్టుకుందామనుకున్నాను. పదకొండు వచ్చింది. అప్పుడు గడియారంలోనూ అదే గంట. ఆయన ముఖం ముందు పెట్టాను. ఆయన చూపు తిప్పుకున్నారు. "మొదట చెప్పిందే మాటండి."

నిజం చెప్పి ఓడిపోయాను. అబద్ధం చెప్పీ ఓడిపోయాను.

డాక్టరమ్మ మీద పడ్డాను. పేషెంటు మేజరు, తెలివిలో ఉంది, ఆమె సంతకం చాలు, మీకు తెలియదా అన్నాను.

"చట్టం నాకూ తెలుసండి. రేపు ఏమైనా అయితే పగిలేవి చట్టం అద్దాలు కావు, నా ఆస్పత్రి అద్దాలు" అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. గంట ప్రకారం ఆపరేషన్లు చేసి చేసి, గంట అడగడం వాళ్ళ హక్కని ఆ ఊరికి నేర్పింది ఆమెలాంటివాళ్ళేనన్నది కూడా అబద్ధం కాదు.

చివరికి అమ్మాయే మంచం మీద లేచి కూర్చుని, కాగితం లాక్కుని సంతకం పెట్టింది. ఆ సంతకం చూసి కూడా డాక్టరమ్మ ఇంకోసారి మావగారి దగ్గరికి వెళ్ళింది, ఆయన ఇంకోసారి కువైట్‌కి ఫోను చేశారు, అప్పటికి వాడు డ్యూటీలోకి వెళ్ళిపోయి ఎత్తలేదు. లోపలికి తీసుకెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మత్తు ఇచ్చేవాడు ఇంకో ఆస్పత్రి నుంచి రావాలట. బిడ్డని తీసిన సమయానికి మావగారు చేతి గడియారం చూసుకుని కళ్ళు మూసుకున్నారు. ఫోను చెప్పిన గంట దాదాపు కుదిరింది.

బిడ్డ ఏడవలేదు.

ఏడవడానికి చాలాసేపు పట్టింది. ఆ మధ్యలో ఆ తలలో ఏం పోవాలో అది పోయింది. ఇప్పుడు ఆ పాపకి నడిచే వయసు. మెడ నిలవదు. ఎవరు పిలిచినా అటు చూడదు. రోజూ మూర్ఛలు. మావగారు ఆ పాపని ఒక్క క్షణం దించరు, భుజాన వేసుకుని చెరువు గట్టంతా తిప్పుతారు. క్రూరుడైతే ఆయన్ని ద్వేషించి ఊరుకునేదాన్ని. ఆయన ప్రేమగల మనిషి. ఆ ప్రేమతోనే మొన్న నాతో అన్నారు: "ఆ గంటలో పుట్టబట్టేనండి ఈ మాత్రమైనా దక్కింది. లేకపోతే అసలు దక్కేది కాదు."

ఎదురుగా అమ్మాయి పాపకి మందు కలుపుతోంది. ఆ చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు.

మీరు ఈ పాటికి అనుకుంటూ ఉంటారు, పల్లెటూరి రొయ్యల రైతు, ఏం తెలుస్తుందని. చాలించండి. ఆ నర్సింగ్ హోములో ఆ నెలలో గంట రాసిచ్చినవాళ్ళలో మా కాలేజీ లెక్చరర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. ఇంగ్లీషులో చదువుకున్నవాళ్ళు ఇంగ్లీషు ఫోన్లలో చూసుకుని వచ్చారు. తెలుగులో రాస్తే మనిషి చదువుతాడనుకున్నాను. చదివితే ప్రశ్నిస్తాడనుకున్నాను. ఈ రెండిటి మధ్య ఎంత పెద్ద గోదావరి ఉందో ఆ వరండాలో చూశాను. అడగాలన్న పట్టుదల లేకపోతే అమ్మ భాష కూడా ఉత్త శబ్దమే. ఆ పట్టుదలని ఏ భాషా ఊరికే ఇవ్వదు, ఇంట్లో ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. మొదలుపెట్టిన మనిషిని మిగతావాళ్ళు నొప్పుల్లో ఏదో అంటోందని తోసెయ్యకూడదు.

ఆ ప్రోగ్రాం ఆమె తీసేసింది. ఎక్కడెక్కడని తీస్తుంది? వందల ఫోన్లలో ఉంది. అందుకని కొత్తది రాసి అదే పేరుతో అందరికీ పంపింది. ఏ తేదీ ఇచ్చినా, ఏ గంట అడిగినా అది ఒక్కటే మాట చెప్తుంది: డాక్టరుని అడగండి. పది రోజుల్లో ఉప్పలగుప్తం నుంచి ఆలమూరు దాకా ఒకటే మాట వినపడింది. కొత్తది పాడైపోయిందట, పాతదే బాగా చెప్తోందట. పాతది దాచుకున్నవాళ్ళు లేనివాళ్ళకి పంపుతున్నారు.

కాబట్టి మీతో పని ఉంది. ఇప్పుడే ఫోను తియ్యండి. మంచి గంట చెప్పేది అందులో ఏదున్నా, ఈ పాతదైనా, ఇంకెవరో రాసిందైనా, తెరవండి. పైన రాసింది కనపడితే ఇంట్లో అందరికీ వినపడేలా చదవండి. కనపడకపోతే, ఎందుకు దాచారో అడగండి. తర్వాత తీసెయ్యండి. మీ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఈ పూటే ఆమె ఎదుట, ఆమె డాక్టరు ఎదుట చెప్పండి: ఇప్పుడే అంటే ఇప్పుడే, సంతకం ఆమెదే, మా కోసం ఎవరూ ఆగొద్దు అని.

ఆయ్ అని ఊరుకోకండి. లేచి చెప్పి రండి.